సంకల్పంలో లేని పేరు

గోదావరి జిల్లాల్లో పెళ్ళివారింటి ముందు కట్టే బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలు ఇంటిపేరువే. ఫలానా వారి పెళ్ళి సందడి అని రాయించి, చుట్టూ సీరియల్ లైట్లు పెట్టిస్తారు. శుభలేఖ మీదా, వంటమేస్త్రీ పద్దులోనూ, సన్నాయి మేళానికి బయానా ఇచ్చిన చీటీ మీదా ఆ పేరే. అదే పందిట్లో కూర్చుని కన్యాదానం వేళ పురోహితుడు చదివేది శ్రద్ధగా వింటే ఆ పేరు ఎక్కడా వినిపించదు. ఆయన రెండు వైపుల ప్రవరలూ చెబుతాడు. ఋషుల పేర్లు, గోత్రం, ఆపైన ఫలానా వారి మునిమనుమరాలు, ఫలానా వారి మనుమరాలు, ఫలానా వారి కుమార్తె అంటూ మూడు తరాలు వరసపెడతాడు. పెళ్ళికొడుకు వైపూ అంతే. ఇదంతా ముమ్మారు చెప్పి దానం పట్టిస్తాడు. గుమ్మం బయట అంత వెలుగు వెలిగే పేరు మంత్రంలోకి ఎందుకు రాలేదన్నది చిన్న సందేహంలాగే ఉంటుంది గాని, దాని వెనక పెద్ద పెద్ద సంగతులున్నాయి. ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళాడకూడదంటాం. ఇంటిపేరు నిలబెట్టడానికి ఒక మగపిల్లాడైనా ఉండాలంటాం. కోడలు మన ఇంటిపేరులోకి వచ్చాకే మన మనిషంటాం. ఈ మూడు మాటలకూ ధర్మాన్నే సాక్షిగా పిలుస్తాం. ఆ ధర్మానికి ఇంటిపేరుతో పరిచయమే లేదని నా వాదన. అది ఋషులు ఇచ్చింది కాదు, తాతముత్తాతలు ఎంచుకున్నదీ కాదు. కొత్తగా చేరిన ఊళ్ళో పక్కింటివాళ్ళు గుర్తు కోసం పెట్టిన పేరు.

వైదిక కర్మ ఏదైనా సంకల్పంతో మొదలవుతుంది. చేసేవాడు ఎవరో, ఎప్పుడు ఎక్కడ కూర్చుని చేస్తున్నాడో విన్నవించుకోవడమే సంకల్పం. మన్వంతరం, యుగం, సంవత్సరం, మాసం, తిథి, వారం దాకా కాలం చెప్పుకుంటాడు. జంబూద్వీపంతో మొదలుపెట్టి, మేరువుకు ఏ దిక్కున, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ రెండు నదుల నడుమ ఉన్నాడో చెప్పుకుంటాడు. ఆ తర్వాతే గోత్రమూ పేరూ. రాజమండ్రి పుష్కరాల రేవులో సంకల్పం చెప్పుకునేవాడు గంగా గోదావరుల మధ్య ఉన్నట్టు లెక్క. బ్రిడ్జి దాటి కొవ్వూరు గోష్పాద రేవులో మునిగితే కృష్ణా గోదావరుల మధ్య ఉన్నట్టు లెక్క. ఏరు దాటేసరికి చిరునామా మారిపోయింది. అంటే కర్మకు కావలసింది మనిషి ఇవాళ నిలబడ్డ చోటు. వాడి ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడన్నది దానికి పట్టదు. పెద్దలకు అభివాదం చేసేటప్పుడూ అంతే. గోదావరి జిల్లాల వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. వాళ్ళ పిల్లవాడు వడుగునాడు నేర్చుకునే పరిచయ వాక్యంలో ప్రవర, గోత్రం, సూత్రం, శాఖ, తన పేరూ ఉంటాయి. మనిషి తన్ను తాను ఇంత వివరంగా చెప్పుకునే వాక్యం మన సంప్రదాయంలో మరొకటి లేదు. అందులోనూ ఇంటిపేరుకు చోటు దొరకలేదు.

2015 జూలై 14 నుంచి 25 దాకా జరిగిన పుష్కరాల్లో గాని, ఏటా మహాలయ పక్షంలో గాని రేవు మెట్ల మీద తరచూ వినిపించే సంభాషణ ఒకటుంది. "గోత్రం చెప్పండి బాబూ" అంటాడు బ్రహ్మగారు. "మాది ఫలానా వారండి" అంటాడు వచ్చినవాడు. "అది ఇంటిపేరు బాబూ, గోత్రం కావాలి." వచ్చినవాడు వెనక్కి తిరిగి వాళ్ళావిడ మొహం చూస్తాడు, ఆవిడ అత్తగారి మొహం చూస్తుంది, చివరికి ఎవరో ఒకరు ఫోన్ తీసి ఊళ్ళో పెదనాన్నను అడుగుతారు. అక్కడా తెలియకపోతే బ్రహ్మగారు కాశ్యప గోత్రమనో శివగోత్రమనో చెప్పించి పిండాలు పెట్టించేస్తాడు. గోత్రం తెలియనివాడికి కాశ్యప గోత్రం చెప్పుకునే ఏర్పాటు ధర్మశాస్త్ర సంప్రదాయంలో పాతదే. గోత్రం మరిచిపోయేవాళ్ళు ఉంటారని ముందే ఊహించి దారి చూపించారన్న మాట. ఇంటిపేరు మరిచిపోయినవాడి కోసం అలాంటి దారి ఎవరూ వెయ్యలేదు. అడగనిదానికి జవాబెందుకు?

మరి ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలా పేర్లలో జవాబు పైకే కనిపిస్తుంది. కందుకూరు అన్న ఊరిపేరు కందుకూరి అయింది, నేదునూరు నేదునూరి అయింది, కాళ్ళకూరు కాళ్ళకూరి అయింది, అల్లూరు అల్లూరి అయింది. ఊరి పేరుకు షష్ఠి చేర్చి, ఆ ఊరికి చెందినవాడు అని చెప్పడమే. ఇక మనుషుల్ని చూడండి. కందుకూరి వీరేశలింగం 1848లో రాజమండ్రిలో పుట్టాడు. కందుకూరు ఒంగోలుకు దక్షిణాన ఎక్కడో ఉంది. నేదునూరు కోనసీమలో అయినవిల్లి పక్కన ఉంటే, గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి పుట్టింది పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో. పాలగుమ్మి అమలాపురం పక్క ఊరు. 'గాలివాన' కథ రాసిన పాలగుమ్మి పద్మరాజు పుట్టింది వశిష్ఠకు ఇవతల, అత్తిలి దగ్గరి తిరుపతిపురంలో. వరవిక్రయం రాసిన కాళ్ళకూరి నారాయణరావుది మత్స్యపురి. అల్లూరి సీతారామరాజు వారిది భీమవరం దగ్గర మోగల్లు. వీళ్ళలో ఒక్కరు కూడా తమ ఇంటిపేరులో ఉన్న ఊళ్ళో పుట్టలేదు. ఇది కాకతాళీయం కాదు. కందుకూరులో ఉన్నన్నాళ్ళూ అక్కడివాణ్ణి ఎవరూ కందుకూరివాడని పిలవరు. అందరూ అక్కడివాళ్ళే అయినప్పుడు ఆ గుర్తు ఎవరికీ ఉపయోగపడదు. వాడు మూటాముల్లె సర్దుకుని మరో ఊరు చేరాక, "ఎవరి తాలూకండీ?" అని అడిగితే, "కందుకూరి నించి వచ్చారండీ" అని పక్కింటివాళ్ళు చెబుతారు. రెండు తరాలు గడిచాక ఆ వాక్యంలో చివరి రెండు మాటలూ రాలిపోతాయి.

ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు దాన్ని తమ మూలానికి గుర్తు అనుకోవడం సహజం. కాని ఆ పేరు చెబుతున్నది వదిలేసి రావడం గురించి. డెల్టాలో ఇది మరీ స్పష్టం. ఇక్కడి నేలే ఏరు తెచ్చి పోసిన ఒండ్రు. లంకలు పుడుతుంటాయి, కోసుకుపోతుంటాయి, జనం సరుకూ సరంజామా ఎత్తుకుని మెరకకు చేరుతుంటారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ముందు కరువుకూ వరదకూ ఊళ్ళు ఖాళీ అయ్యేవి. తర్వాత కాలవ నీళ్ళ కోసం ఊళ్ళు నిండాయి. దరిమిలా పట్టాలు, దస్తావేజులు, బడి రిజిస్టర్లు వచ్చి ఆ రోజుకు ఏ పేరు నోట్లో నలుగుతూ ఉంటే దాన్ని అక్కడే బిగించేశాయి. లేకపోతే ఇంటిపేర్లు ఇంకా మారుతూనే ఉండేవి. గత శతాబ్దంలో నిజాంసాగర్ కిందికీ, తుంగభద్ర కాలవల కిందికీ వ్యవసాయానికి వెళ్ళి స్థిరపడ్డ గోదావరి రైతుల మనుమలకు పాత పద్ధతిలోనైతే భీమవరం అనో తణుకు అనో కొత్త ఇంటిపేరు పడి ఉండేది. ఆధార్ కార్డు దానికి అవకాశం ఇవ్వదు.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళవి కావు కదా, సోమయాజుల, వాజపేయాజుల లాంటివి సాక్షాత్తూ యజ్ఞం నుంచి వచ్చినవే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని అవి నా వాదనకే బలం. సోమయాగం చేసినవాడు సోమయాజి. వాడి కొడుకు యాగం చెయ్యకపోతే కర్మలో వాడు సోమయాజి కాడు. వీధిలో మాత్రం సోమయాజులవారి అబ్బాయే. యాగఫలం వారసత్వంగా రాదని శాస్త్రానికి తెలుసు. వీధికి ఆ పట్టింపు లేదు, దానికి కావలసింది గుర్తు. ఆ ఇంటి మునిమనుమడు కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ సోమయాజులు అనిపించుకోవడంలో తప్పేమీ లేదు, ఆ మాటలో సోమరసం చుక్క కూడా మిగల్లేదని తెలిసినంత వరకు.

ఇంటిపేరు ఎంత ఎక్కువమందికి ఉంటే అంత పెద్ద వంశం అనుకోవడం మరో అలవాటు. మావాళ్ళు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్నారండి అని గర్వంగా చెప్పుకుంటారు. ఊరు వదిలినవాణ్ణి ఆ ఊరి పేరుతో పిలవడమే ఇంటిపేరు అయినప్పుడు, ఒక పేరు విస్తారంగా కనిపించడానికి కారణాలు రెండే: ఆ పేరుగల ఊళ్ళు చాలా ఉండటం, వాటి నుంచి చాలామంది వేర్వేరు కాలాల్లో వెళ్ళిపోవడం. కొత్తపల్లి అన్న ఇంటిపేరు ప్రతి జిల్లాలోనూ, అనేక కులాల్లోనూ ఉండటానికి కొత్తపల్లి అన్న ఊరు ప్రతి తాలూకాలోనూ ఉండటమే కారణం. ఒక కొత్తపల్లి మూలపురుషుడు ఎక్కడా లేడు. కోనసీమలో కొత్తపేట పక్కన గంటి అని ఊరుంది. తెలుగు భాషాశాస్త్రంలో పెద్ద పేరైన గంటి జోగి సోమయాజి, 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన ఎదుర్లంక బిడ్డ గంటి మోహనచంద్ర బాలయోగి, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. ఒకరిది బ్రాహ్మణ కుటుంబం, ఒకరిది దళిత కుటుంబం. ధవళేశ్వరంలో పుట్టిన రచయిత ముళ్ళపూడి వెంకటరమణ, తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టిన ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ వేర్వేరు కులాలవారు. ఇంటిపేరు విని కులం పోల్చేద్దామని చూసేవాళ్ళు మన దగ్గర తక్కువేమీ కాదు. సగంసార్లు బోల్తా పడుతుంటారు, పడటం మంచిదే. అగ్రహారం నుంచి వెళ్ళినవాడికీ, పేట నుంచి వెళ్ళినవాడికీ, వదిలిన ఊరు ఒకటైతే ఒకే పేరు పడుతుంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఇద్దరి మధ్యా ఎంత దూరం పెట్టినా, ఊరు దాటాక లోకం ఇద్దరికీ ఒకే చీటీ అంటించింది.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. ఇదంతా బ్రాహ్మణుల లెక్క, గోత్రం ప్రవర ఉన్నవాళ్ళకు ఇంటిపేరు అక్కర్లేకపోవచ్చు. ఊళ్ళో మిగతా జనానికి ఇంటిపేరే గోత్రం, అది తప్పితే వావివరసలు తెలిసేదెట్లా అని అంటారు. ఇది తోసిపారేసే మాట కాదు. చాలా కులాల్లో సంబంధం మాట్లాడటానికి కూర్చున్నప్పుడు మొదట అడిగేది ఇంటిపేరు. అది కలిస్తే అన్నాచెల్లెళ్ళ వరస, కాఫీ తాగి లేచిపోవడమే. చావు మైల, పురుటి మైల పాటించేది ఆ ఇంటిపేరున్న పాలివాళ్ళే. ఇలవేల్పును కొలిచేదీ, చనిపోయిన పేరంటాలికి చీరా రవికా పెట్టేదీ ఆ గుంపే. ఇది మతం కాదనడం నా ఉద్దేశం కాదు. మంత్రం లేనంత మాత్రాన మతం కాకుండా పోదు. అయితే జాగ్రత్తగా చూస్తే ఇందులో పవిత్రమైనది ఒకరి చావు పుట్టుకల్లో ఒకరు నిలబడే మనుషుల మధ్య ఉన్న బాధ్యత. ఎవరి ఇంట్లో దీపం ఆరిపోతే ఎవరి పొయ్యి వెలగదో ఆ మేరకే మైల. తెనాలిలో అదే ఇంటిపేరుతో ఎవరో పోయారని అమలాపురంలో ఎవరూ తలకు పోసుకోరు. మనుస్మృతి కూడా సాపిండ్యం ఏడో తరంతో ఆగిపోతుందని చెప్పింది. దగ్గరితనానికి శాస్త్రమూ గడువు పెట్టింది, ఆచారమూ పెట్టుకుంది. పెళ్ళి విషయం వచ్చేసరికి మాత్రం ఆ గడువు ఎగిరిపోతోంది. మైలకు పనికిరాని తెనాలివాడు పెళ్ళికి మాత్రం అన్నయ్య అయిపోతున్నాడు. ఈ రెండూ పొసగవు.

గోత్రం లెక్క కూడా అందరిదీ ఒక తీరుగా లేదు. భీమవరం ప్రాంతపు రాజుల్లో ప్రసిద్ధమైన గోత్రాలు ధనంజయ, వశిష్ఠ, కాశ్యప, కౌండిన్య. ఒక్కో గోత్రం కింద ఎన్నో ఇంటిపేర్లు. అక్కడ ఇంటిపేర్లు వేరైనా గోత్రం కలిస్తే సంబంధం లేదు. వ్యవసాయ కులాల్లో వినిపించే పైడిపాల లాంటి గోత్రాలు ఏ ఋషి పేరూ కావు. కోమట్ల పవిత్ర కథ పెనుగొండలో జరిగింది. వాసవీ కన్యకతో అగ్నిలో ప్రవేశించినవారిని ఆ కులం 102 గోత్రాలుగా లెక్కపెట్టుకుంటుంది. ఎవరి ఇంటిపేరు ఏమిటన్నది ఆ త్యాగం లెక్కలో లేదు. ఈ తేడాలన్నీ చూస్తే తేలేది ఒకటే. ఇక్కడ ప్రతి సమాజమూ తనకు పవిత్రమైన ఒక లెక్కను ఊహించుకుంది, అది చాలావరకు ఇంటిపేరుకు అవతలే ఉంది. దొరకనిచోట ఇంటిపేరును తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టుకున్నారు.

రక్తం కలవకూడదన్నదే దీని వెనకున్న విజ్ఞానమని ఈమధ్య వాట్సాప్ శాస్త్రం ప్రచారంలో ఉంది. తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే క్రోమోజోమును మన పూర్వులు ముందే కనిపెట్టారట. గోదావరి జిల్లాల్లో కూర్చుని ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. మేనమామ కూతుర్నీ, మేనత్త కూతుర్నీ, అక్క కూతుర్నీ కూడా చేసుకున్న దేశం ఇది. పైన చెప్పిన పెనుగొండ కులంలో మేనరికం దాదాపు విధి. రక్తమే భయమైతే ముందు ఆపవలసింది మేనరికాన్ని. అలా కాక, చుట్టరికం ఆనవాలే లేని పర ఊరి మనిషిని పేరు కలిసిందని ఆపి, సొంత మేనకోడలి మెడలో పుస్తె కడుతున్నాం. బౌధాయన ధర్మసూత్రం మేనమామ కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమని ఆనాడే విడిగా రాసిపెట్టింది. అంటే ఈ వైరుధ్యం పాతదే. పైగా క్షత్రియులకు పురోహితుడి ప్రవరే ప్రవర అని శ్రౌతసూత్రాల విధానం. పురోహితుడి రక్తం రాజుగారిలో లేదు కదా! గోత్రమే పూర్తిగా రక్తం లెక్క కానప్పుడు, దాని నీడలో నిలబడ్డ ఇంటిపేరు రక్తమెలా అవుతుంది? చట్టం ఈ చిక్కును ఎప్పుడో విప్పేసింది. సగోత్ర వివాహాలకు ఉన్న అడ్డు 1946 చట్టంతో పోయింది. 1955 హిందూ వివాహ చట్టం తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు చూడమంది, ఆచారం ఉంటే మేనరికాన్నీ ఒప్పుకుంది. అందులో ఇంటిపేరు ఊసు లేదు. కొరియాలో ఈ చిక్కు మనకన్నా పెద్దది. అక్కడ అయిదుగురిలో ఒకరు కిమ్. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్ళ పెళ్ళిని చట్టమే నిషేధించింది. లక్షలమంది ఒకరికొకరు తోబుట్టువులైపోయారు. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది, 2005లో చట్టం మారింది.

ఇంటిపేరుకు మతంతో పనిలేదనడానికి డెల్టాలోనే మరో బలమైన సాక్ష్యం ఉంది. 1830ల చివర్లో నర్సాపురం, పాలకొల్లు వైపు బౌడెన్, బీర్ కుటుంబాల మిషన్, 1845లో రాజమండ్రిలో లూథరన్ మిషన్ వచ్చాయి. ఆ తర్వాతి తరాల్లో వేలమంది క్రైస్తవులయ్యారు. బాప్తిస్మం పొందినవాడికి దేవుడు మారాడు, పండగలు మారాయి, పెళ్ళి తంతు మారింది, సమాధి చేసే తీరు మారింది, ఏసుదాసనో దేవదానమనో రత్నమ్మనో పేరు కూడా మారింది. ఇంటిపేరు మాత్రం చెక్కు చెదరలేదు. అది మతానికి సంబంధించినదే అయితే మొదట వదిలించుకునేది దాన్నే. మిషన్ వారికీ అందులో అన్యదైవం ఏదీ కనిపించలేదు. కనిపించడానికి అక్కడున్నది ఒక ఊరో, ఒక చెట్టో, ఒక వృత్తో. సాహిత్యం వైపు చూస్తే, యెండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి కలిసి అవధానాలు మొదలుపెట్టినప్పుడు రెండు ఇంటిపేర్లనూ పక్కన పెట్టి తిరుపతి వెంకట కవులయ్యారు. ఇద్దరూ నిష్ఠాగరిష్ఠులైన శాస్త్రులే. ఇంటిపేరు వదలడం వాళ్ళకు ఆచారభంగంగా తోచలేదు.

డెల్టాలో ఋషుల పేర్లు మనుషులకన్నా ఏటికే ఎక్కువ అంటుకున్నాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి గౌతమి అయింది, వశిష్ఠ అయింది. భారద్వాజ, ఆత్రేయ, కౌశిక పాయల్ని కూడా సప్తగోదావరిలో లెక్కపెడతారు. సప్తసాగర యాత్ర చేసేవారు చొల్లంగి నుంచి అంతర్వేది దాకా ఆ సంగమాలన్నిట్లో మునుగుతారు. ఇవన్నీ గోత్రనామాలే. గౌతముడి గోత్రంలోనివాడే హారిద్రుమతుడు, ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు శిష్యరికం కోరి వెళ్ళిన గురువు. నీ గోత్రమేమిటని ఆయన అడిగితే, తెలియదు, మా అమ్మ జబాల, నేను సత్యకామ జాబాలుణ్ణి అన్నాడు పిల్లవాడు. గురువు సమిధలు తెచ్చుకోమన్నాడు. ఈ కథను నిజాయితీ పాఠంగా చెబుతారు, సరే. నాకు అంతకన్నా ముఖ్యమైనది తర్వాత జరిగింది. జాబాల అన్నది ఆ క్షణాన ఒక పనిమనిషి పేరులోంచి పుట్టిన గుర్తు, మన మాటలో ఇంటిపేరు లాంటిది. తర్వాత దాని పేర ఒక ఉపనిషత్తే ఉంది. ఆ పేరుకు గౌరవం వచ్చింది మోసినవాడి విద్య వల్ల. గోత్రం ముందు, మనిషి వెనక అన్న వరస ఉపనిషత్తులోనే తిరగబడింది. సన్యాసం పుచ్చుకునేవాడు గోత్రాన్నీ పేరునూ కూడా వదిలి, తనకు తానే పిండం పెట్టుకుని వెళ్ళిపోతాడు. గోత్రమే చివరిదాకా ఉండవలసిన వస్తువు కాదని మతమే ఒప్పుకున్నాక, గోత్రం పాటి హోదా కూడా లేని ఇంటిపేరు కోసం అంత పట్టుదల ఎందుకు?

ఆ పట్టుదలకు ఎక్కువ ఖరీదు కట్టింది ఆడవాళ్ళు. పెళ్ళయ్యాక గోత్రం మారుతుందని శాస్త్రం అన్నది. ఇంటిపేరు మార్చమని ఎక్కడా అనలేదు. అది బడి సర్టిఫికెట్లూ, రేషన్ కార్డులూ వచ్చాక మొదలైన హడావిడి. గోత్రం మార్పు కూడా ఎంత చిక్కుముడో 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఆలోచనాపరులకు తెలిసే ఉంటుంది. కన్యాదానంలో ఆ పిల్లను ఏ గోత్రంతో ఇవ్వాలి, పుట్టింటిదా, పోయిన మొగుడిదా? బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఈ ప్రశ్నకు పుట్టింటి గోత్రమే అని శాస్త్రం చూపించి జవాబు చెప్పవలసి వచ్చింది. వాదమంతా గోత్రం మీదే జరిగింది. ఇంటిపేరు మీద ఎవరూ మాట్లాడలేదు, అందులో వాదించడానికి ఏమీ లేదు గనుక.

చివరిది మగపిల్లాడి మాట. కొడుకు లేకపోతే ఇంటిపేరు పోతుంది, ఇంటిపేరు పోతే నీళ్ళు వదిలేవాడు ఉండడు అని రెండు వాక్యాల్ని కలిపేస్తారు. మొదటిది నిజం, రెండోది కాదు. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి తండ్రికీ, ఆయన తండ్రికీ, ఆ ఆడవాళ్ళకూ కూడా నువ్వులూ నీళ్ళూ వదులుతారు, వాళ్ళ వాళ్ళ గోత్రాలు చెప్పి. వాళ్ళెవరిదీ ఇచ్చేవాడి ఇంటిపేరు కాదు. శ్రాద్ధాన్ని పావనం చేసేవి మూడని మనువు చెప్పినవాటిలో మొదటిది దౌహిత్రుడు, అంటే కూతురి కొడుకు. పుష్కరాల్లోనైతే స్నేహితులకూ, గురువులకూ, దిక్కులేక పోయినవాళ్ళకూ కారుణ్య పిండాలు పెడతారు. అక్కడ గోత్రం తెలియనివాళ్ళూ ఉంటారు. పుణ్యం సంగతి అలా ఉంచి భూమి సంగతి చూసినా ఇంతే. కొడుకులు లేని రైతు ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకోవడం కమ్మ, రెడ్డి కుటుంబాల్లో పాత ఆచారం, మద్రాసు హైకోర్టు దాన్ని గుర్తించి తీర్పులిచ్చింది. ఆ అల్లుడు దత్తుడు కాడు. తన ఇంటిపేరు తనదే, పుట్టింటి ఆస్తిలో హక్కూ తనదే, అయినా మామగారి పొలం కొడుకులాగే అనుభవిస్తాడు. మామగారు పోయాక ఆ చేను గట్టు మీద మరో ఇంటిపేరు నడుస్తుంది. ఊళ్ళోవాళ్ళు కొన్నాళ్ళు ఫలానా వారి అల్లుడి చేను అంటారు, తర్వాత అల్లుడి ఇంటిపేరుతోనే పిలుస్తారు. కాలవ నీళ్ళ వంతు మాత్రం ఎప్పటిలాగే ఆ చేనుకు వస్తుంది.